తడి ఆరేదాకా

బతికున్న సవతి అయితే సిగపట్లకు దిగొచ్చు. నాలుగు తిట్టి, నాలుగు పడి, పుట్టింటికి పోతానని బెదిరించొచ్చు. చచ్చిపోయిన సవతిని ఏం చేస్తాం? అందులోనూ ఆవిడ ఉప్పెనలో పోయి, పేరంటాలై, దేవుడి గూట్లోకెక్కి, అది చాలదన్నట్టు మన మెడలోనే సూత్రాల పక్కన గోరంత బంగారు బిళ్ళై వేలాడుతుంటే?

శేషారత్నం పడే బాధ అదీ. వస్త్ర రసాయనంలో డాక్టరేటు చేసిన మనిషి. పెడనలో సొంతంగా రంగుల ప్రయోగశాల పెట్టుకున్న మనిషి. అయినా పెళ్లినాడు అత్తగారు "ఇది ముందావిడ రూపమ్మా. నువ్వు వేసుకోకపోతే నాంచారికి కోపం వస్తుంది" అని మెడలో వేస్తుంటే కిక్కురుమనకుండా తల వంచింది. ఇక అప్పట్నుంచి మొదలు. కొత్త చీర కొంటే ముందు నాంచారి గూటి దగ్గర పెట్టాలి. మల్లెపూలు తెస్తే మొదటి మూర ఆవిడకి. మామిడిపళ్ళొస్తే మొదటి పండు ఆవిడకి. అన్నీ ఆవిడ వాడి వదిలేసినవే, ఆఖరికి మొగుడు కూడా.

పేరంటాళ్ళ మీద రత్నానికి నమ్మకమా అంటే, వెంట్రుకవాసి కూడా లేదు. నమ్మి ఉంటే ఇంత మండేది కాదు. ఆమెను కాల్చేది మొగుడు పాండురంగం చూపు. ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె మెడ వైపు చూసేవాడు. ఆమె మెడని కాదండీ, ఆ బిళ్ళని. చూసి ఊరుకునేవాడు. కసురుకుంటే కసురుకున్నాడని ఏడవొచ్చు, ఊరుకున్న మొగుణ్ణి పట్టుకుని ఏమని ఏడుస్తాం?

విచిత్రమేమిటంటే, ఆమె వలచింది ఆ దిగులునే. సహజ రంగుల మీద పరిశోధన కోసం పెడన వచ్చినప్పుడు, అద్దకం షెడ్డులో బల్ల ముందు నిలబడి అచ్చు మీద అచ్చు కొడుతున్న పాండురంగాన్ని చూసింది. పెళ్లాం ఉప్పెనలో పోయిందట, శవం కూడా దొరకలేదట, అప్పట్నుంచి అలాగే ఉంటాడట అని ఎవరో చెప్పారు. ఇంతగా ప్రేమించగల మగాడు నాకూ దొరికితే అనుకుంది. దొరికాడు. ఆ ప్రేమ మాత్రం దొరకలేదు, అది ముందే ఒకరి పేరు మీద రాసేసి ఉంది.

అలాంటి రోజుల్లో వైజయంతి వచ్చింది. విశాఖపట్నంలో పేరున్న చిత్రకారిణి. ముతక నేత చీర, మెడ దాకా కత్తిరించిన జుట్టు, మాటకు ముందు నవ్వు. బందరులో పాడుబడ్డ ఉప్పు గోదాములో 'మునక' అని ఒక ప్రదర్శన పెడతానంది. ఉప్పెన నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో అంత ఎత్తున గుడ్డలు వేలాడదీస్తుందట. వాటి మీద బొమ్మలుండవట.

"బొమ్మలు గీసి గీసి విసుగొచ్చిందండీ రత్నంగారూ. నేను నీళ్ళు గీస్తాను, చూసినవాళ్ళు అబ్బా ఎంత బాగుంది నీలం అంటారు. మనుషులు పోయిన చోట నీలం బాగుండటమేమిటి? మీరు కనిపెట్టిన ఆ పటిక నాకు కావాలి."

ఆ పటిక సంగతి చెప్పాలి. కలంకారీ గుడ్డను ముందు కరక్కాయ పొడి కలిపిన పాలల్లో నానబెడతారు. తర్వాత పటిక. పటిక లేకపోతే రంగు గుడ్డకు పట్టదు, ఉతికితే పోతుంది. రత్నం ఏళ్ళ తరబడి ఉడకబెట్టి, చల్లార్చి, పారబోసి తయారుచేసిన కొత్త పటికకు ఒక వింత గుణం వచ్చింది. దాంట్లో తడిపిన గుడ్డ మీద అరచెయ్యి ఆనించి ఏదైనా గట్టిగా తలుచుకుంటే, చేతి చెమటలోంచీ నరాల్లోని సన్నటి కరెంటులోంచీ ఆ తలపు గుడ్డకు పట్టేది. ఆనక ఆ గుడ్డ మీద నీళ్ళు చిలకరించి ఇంకొకరు చెయ్యి వేస్తే, వాళ్ళకి అది కళ్ళ ముందు జరిగినట్టే ఉండేది. వాసనతో సహా.

రత్నం తలపు పట్టిన గుడ్డ మీద వైజయంతి మొదటిసారి చెయ్యి వేసినప్పుడు రత్నం తల్లి వేయించిన ఆవడల వాసన తగిలి, నోట్లో నీళ్ళూరి, సిగ్గుపడి నవ్వింది. తర్వాత ఏడ్చింది. వాళ్ళమ్మ కూడా పోయిందట.

దీనికి ఒక్కటే కట్టుబాటు. గుడ్డ తడిగా ఉండగానే చెయ్యి తీసెయ్యాలి. తడిగా ఉన్నంతసేపూ గుడ్డకు వెళ్ళేది నకలే. చెయ్యి అలాగే ఉంచి గుడ్డ ఆరిపోనిస్తే మాత్రం అసలే వెళ్ళిపోతుంది, మనిషిలో మిగలదు. ఇది రత్నానికి తనమీదే జరిగింది. ఒకసారి గుడ్డ మీద చెయ్యి పెట్టి ఫోనులో పడింది. వారం పోయాక తమ్ముడొచ్చి, "నాన్న నీకు కోనేరు సెంటర్లో సైకిలు నేర్పుతుంటే అరటిపళ్ళ బండిని గుద్దావు, గుర్తుందా అక్కా?" అంటే వెర్రిమొహం వేసింది. సైకిలు తొక్కడం వచ్చు. నేర్పిన నాన్న మాత్రం జ్ఞాపకంలో లేడు. పాపం, ఆ మధ్యాహ్నమంతా ఆ గుడ్డ పట్టుకుని కూర్చుంది. చెయ్యి వేస్తే అన్నీ కనిపించాయి గానీ, ఎవరో పిల్లకి ఎవరో తండ్రి నేర్పుతున్నట్టుందే తప్ప తనదనిపించలేదు. తిరిగి రాదని అప్పుడే తెలిసింది.

ఉప్పెనలో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. బిడ్డలు పోయినవాళ్ళు, తల్లులు పోయినవాళ్ళు. చాలామందికి శవాలు కూడా దొరకలేదు. దర్భబొమ్మకు కర్మ చేసి చేతులు కడుక్కున్నారు గానీ మనసు కడుక్కోలేకపోయారు. ఒక ముసలాయన చెయ్యి తీస్తూ, "మా బుడ్డోడు ఇందులో ఉన్నాడామ్మా? అయితే ఆదివారాలు వచ్చి చూసుకుంటా" అన్నాడు. వైజయంతి కళ్ళు తుడుచుకుంటూ పక్కకు తిరిగింది. రత్నం మాత్రం గడియారం చూసి, గుడ్డ తడి చూసి, ఒక్కొక్కరి చెయ్యీ సమయానికి తీయించింది. ఎవరి జ్ఞాపకానికీ గోరంత నష్టం రానివ్వలేదు. ఆ విషయంలో ఆమెను వేలెత్తి చూపడానికి లేదు.

పాండురంగం మాత్రం రానన్నాడు.

"అందరూ ఇస్తున్నారండీ," అంది రత్నం అన్నం వడ్డిస్తూ. "మీరు ఇవ్వకపోతే ఊళ్ళో ఏమనుకుంటారు? ఇంట్లో మనిషే ఇవ్వలేదంటారు."

"అనుకోనీ."

"నాంచారక్కని నలుగురూ చూస్తే మీకేం నష్టం?"

అక్క అన్న మాట ఆమె నోట అదే మొదటిసారి. పాండురంగం ముద్ద ఆపి ఆమె వైపు చూశాడు. ఎంత మెత్తబడ్డాడో, ఆ మెత్తదనం చూసి రత్నానికి అంత ఒళ్ళు మండింది.

"నాంచారి నాకు తక్కువైపోదు కదా రత్నం?" అన్నాడు. పసిపిల్లాడు అడిగినట్టే అడిగాడు.

"అయ్యో, నకలేనండీ," అంది. మజ్జిగ పోసింది.

నిజం చెప్పాలంటే, అంటున్నప్పుడు ఆమె మనసులో కూడా నకలే ఉంది. మర్నాడు ప్రయోగశాలలో ఆయన గుడ్డ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. వైజయంతి టీ తాగొస్తానని బయటికెళ్ళింది. కాసేపటికి పాండురంగం ముఖం మారింది. రత్నం ఆ ముఖాన్ని ఎన్నడూ చూడలేదు. పెళ్లయి ఇన్నేళ్ళూ ఒకే కంచంలో తిని, ఒకే పక్క మీద పడుకుని, జ్వరమొస్తే ఒళ్ళు తుడిచి, ఈ ముఖం ఆమెకు చూపించలేదే! పెదాల చివర నవ్వు. కుర్రాడి నవ్వు. ఎవరో ఎదురుగా నిలబడి ఏదో కొంటెగా అంటుంటే వచ్చే నవ్వు.

ఓర్చుకోలేకపోయింది. లేచి వెళ్ళి ఫ్యాను వేసింది. పెద్దది చేసింది.

వైజయంతి తిరిగొచ్చేసరికి గుడ్డ పెళపెళలాడుతోంది. "అయిపోయిందా?" అని అడిగింది.

"ఆఁ, అయిపోయింది," అంది రత్నం.

పాండురంగం కళ్ళు తెరిచాడు. ఎందుకొచ్చాడో కూడా గుర్తులేనట్టు అటూ ఇటూ చూశాడు. "ఎందుకో తల తేలిగ్గా ఉంది," అన్నాడు. ఇంటికొస్తూ దారిలో బజ్జీలు కొనిపెట్టాడు. ఈల వేశాడు. సాయంత్రం ఆమె మెడ వైపు చూసి, "ఆ బిళ్ళేమిటి రత్నం, బాగుంది. ఎప్పుడు కొన్నావు?" అన్నాడు.

రత్నం గుండె ఒక్క క్షణం ఆగింది. ఆనక గంతులేసింది. అవునండీ, గంతులేసింది, దాచడమెందుకు. "మీ మొదటి భార్య రూపండీ, ఉప్పెనలో పోయింది కదా," అని మెల్లగా చెప్పి ఆయన ముఖంలోకి చూసింది. "అవునవును, అమ్మ చెప్పేది," అన్నాడాయన. ఎవరో దూరపు చుట్టం సంగతి విన్నట్టు తలూపి, పేపరు తిప్పాడు. చూసుకోవడానికి నాంచారి ఫొటో ఒక్కటి కూడా మిగల్లేదు, ఉప్పెనలో పాత ఇంటితోపాటే అన్నీ కొట్టుకుపోయాయి.

మర్నాడు రత్నం బందరు వెళ్ళి వంగపండు రంగు పట్టుచీర కొనుక్కుంది. గూటి దగ్గర పెట్టకుండా నేరుగా కట్టుకుంది. అద్దంలో చూసుకుని తనలో తను నవ్వుకుంది. ఇన్నాళ్ళకు ఈ ఇంట్లో మొదటిసారి ఒక కొత్త చీర తనకోసమే వచ్చింది.

ఆ సంబరం ఎంతకాలం నిలిచిందంటే, వానలు మొదలయ్యేదాకా.

ఈలోగా ప్రదర్శన మొదలైంది. గోదాములో తాటిచెట్టంత ఎత్తునుంచి వేలాడుతున్న గుడ్డలు, కింద ఉప్పు పరిచిన నేల. గుడ్డల మీద పేర్లుండకూడదని వైజయంతి పట్టుబట్టింది, దుఃఖానికి చిరునామా ఎందుకంది. పట్నం నుంచి కళ్ళద్దాలవాళ్ళొచ్చి చేతులు కట్టుకుని తిరిగారు. ఊళ్ళవాళ్ళొచ్చి చెప్పులు బయట విడిచారు. గుడ్డలకు పసుపు రాశారు, ఊదొత్తులు గుచ్చారు, కొబ్బరికాయలు కొట్టారు. వైజయంతి మొదట "ఇది గుడి కాదండీ" అని మొత్తుకుంది. రెండోరోజుకి ఊరుకుంది. మూడోరోజు తనే పళ్ళెం తెచ్చి పెట్టింది.

అన్ని గుడ్డల దగ్గరా పదిమంది ఉంటే, మూల గుడ్డ దగ్గర మాత్రం వాకిలి దాటి లైను. చెయ్యి వేసినవాళ్ళు తియ్యరు. ఆడవాళ్ళు బావురుమంటున్నారు, మగవాళ్ళు గోడకు తల ఆనించి నిలబడుతున్నారు. ఎవరో దాని కింద కొత్త చీర, గాజులు పెట్టిపోయారు. వాళ్ళని చూసి ఇంకొందరు పెట్టారు.

వైజయంతి రత్నాన్ని పక్కకు పిలిచింది. "మిగతావి చూసొచ్చి దీన్ని ముట్టుకున్నాను. అవన్నీ ఫొటోల్లా ఉన్నాయి, ఇదొక్కటే మనిషిలా ఉంది. నిజం చెప్పండి. గుడ్డ ఆరిపోయింది కదూ?"

రత్నం వాకిలి దాటిన లైను వైపు తిరిగింది.

"ఆయనకి తెలుసా?"

రత్నం తల అడ్డంగా ఊపింది. వైజయంతి ఉప్పు మీద కాలి బొటనవేలితో గీతలు గీసింది. "ఈ గుడ్డ తీసెయ్యాలి. తీసెయ్యాలని తెలుసు. కానీ తియ్యలేను రత్నంగారూ. నా జన్మలో ఇలాంటిది మళ్ళీ చెయ్యలేను. నన్ను తిట్టుకోండి," అంది. రత్నం తిట్టలేదు. తిట్టడానికి తనకు మాత్రం ఏ ముఖముంది?

వానలొచ్చాయి. ఒకరోజు సాయంత్రం గాలి లేచి, ప్రయోగశాల రేకులు ఎగిరిపడి, వీధిలో మోకాలిలోతు నీళ్ళొచ్చాయి. ఇదివరకైతే మబ్బు కమ్మగానే పాండురంగం పరుగున వచ్చేవాడు. గొడుగు తెచ్చి, అదీ ఎగిరిపోతే తన కండువా ఆమెకు కప్పి, "గాలొచ్చినప్పుడు ఇంటిపట్టున ఉండమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని నలుగురిలో కేకలేసేవాడు. చేతులు వణికేవి. ఆ వణుకు నాంచారిది, తనది కాదు అని రత్నం పళ్ళు కొరికేది.

ఆరోజు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. ఎవరూ రాలేదు. తడిసి ముద్దై ఇంటికి చేరేసరికి ఆయన భోంచేసి టీవీ ముందు కూర్చున్నాడు. "వచ్చావా? తల తుడుచుకో, జలుబు చేస్తుంది," అన్నాడు. మంచిగానే అన్నాడు. పరాయి ఆడమనిషితో ఎంత మంచిగా అంటారో అంత మంచిగా.

రత్నం తువ్వాలుతో ముఖం కప్పుకుని వంటింట్లో కూలబడి ఏడ్చింది. నాంచారిని తీసేస్తే ఆ ప్రేమంతా తనకు మిగులుతుందనుకుంది. ఎంత తెలివితక్కువ మనిషి! ఆయన కేకలు, గొడుగు, వణుకు, అన్నీ ఆ గుడ్డలోకే పోయాయి. మిగిలింది ఒక మర్యాదస్తుడు.

మర్నాడు గోదాము తెరవకముందే వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఆ గుడ్డను ముట్టుకోలేదు. భయం. నాంచారి ఏ రంభో ఊర్వశో అని ఇన్నేళ్ళూ ఊహించుకుని కుళ్ళింది మరి. నీళ్ళు చిలకరించి చెయ్యి వేసింది.

నాంచారి నల్లగా ఉంది. ముందు పళ్ళు కాస్త ఎత్తు. అందగత్తె అయినా బాగుండేది, కనీసం అర్థమయ్యేది. అరుగు మీద కూర్చుని తడిజుట్టు విదిల్చి, నీళ్ళు మీద పడ్డాయని కోప్పడబోయే మనిషిని చూసి పకపకా నవ్వింది. రత్నానికి ఒళ్ళంతా పులకరించింది. తనది కాని పులకరింత. తర్వాత గాలి. తర్వాత చీకటి, ఉప్పునీళ్ళు, తాటిచెట్టు. చీర కొంగుతో ఇద్దర్నీ కలిపి చెట్టుకు కట్టుకున్నారు. అలమీద అల. మెరుపు మెరిసినప్పుడు నాంచారి ముఖం ఇంత దగ్గరగా కనిపించింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. కళ్ళలో మాత్రం భయం లేదు. ఆ కళ్ళు తనని చూస్తున్నాయి, ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు.

"చేతులు నొప్పెడుతున్నాయా బావా?" అంది.

ఇంకో మెరుపుకి అక్కడ లేదు.

రత్నం చెయ్యి తీసి ఉప్పు మీద కూర్చుండిపోయింది. ఊరంతా మునుగుతుంటే, ప్రాణం పోతుంటే, మొగుడి చేతులు నొప్పెడుతున్నాయా అని అడిగిన పిల్ల! తను ఎప్పుడైనా అడిగిందా? పొద్దస్తమానం అచ్చులు కొట్టి వచ్చే ఆ మనిషిని తను చూసినప్పుడల్లా వెతికింది ఒక్కటే, ఇప్పుడు నాంచారిని తలుచుకుంటున్నాడా లేదా అని. అంతే. కుళ్ళు చచ్చిందా అంటే చావలేదు. ఇంకా ఎక్కువైంది. కానీ దానితోపాటు ఆ నల్లపిల్ల మీద, గుడ్డలోంచి అంటిన ఆయన ప్రేమతో, తనకే చెప్పరానంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఈ రెండూ ఒకే గుండెలో పెట్టుకుని ఎవరు బతుకుతారు?

తన సైకిలు సంగతి మరిచిపోలేదు. అసలు వెనక్కి రాదని తెలుసు. అయినా సాయంత్రం పాండురంగాన్ని వెంటబెట్టుకొచ్చింది. ఏమో, ఇది తండ్రి గుడ్డ కాదు, నాంచారి గుడ్డ. ఆ పిల్లే ఏదో చేస్తుందేమో. నమ్మకం లేని రత్నం దారి పొడుగునా రూపు పిడికిట్లో పట్టుకుని, నాంచారక్కా, నీ మొగుణ్ణి నువ్వు తీసుకో, కొంచెం నాకు మిగులుస్తావో లేదో నీ దయ, అని మొక్కుకుంది.

ఆయన లైనులో నిలబడ్డాడు. వంతొచ్చాక చెయ్యి వేశాడు. వెనకవాళ్ళు సణుగుతున్నా తియ్యలేదు. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఎవరో పాపం," అన్నాడు. "ఆ మొగుడెవడో గానీ అదృష్టవంతుడు రత్నం. పోగొట్టుకున్నాడు, నిజమే. అయినా అదృష్టవంతుడే. నాకు వాడి మీద అసూయగా ఉంది."

"ఎందుకండీ?" అంది రత్నం.

"నన్నెవరూ ఎప్పుడూ అలా చూడలేదు."

నిష్ఠూరంగా అనలేదు. ఇవాళ ఉక్కగా ఉంది అన్నట్టు అన్నాడు. రత్నం ఆయన చెయ్యి పట్టుకుంది. అచ్చులు కొట్టి కొట్టి కాయలు కాసిన చెయ్యి.

"అది మీరేనండీ. ఆ మొగుడు మీరే. ఆ పిల్ల మీ నాంచారి. గుడ్డ ఆరేదాకా మీ చెయ్యి ఉంచింది నేను. ఫ్యాను వేసింది నేను. కుళ్ళుతో వేశాను." మాట మీద మాట పడుతుంటే అంతా చెప్పేసింది.

పాండురంగం ఆమెను జాలిగా చూశాడు. నవ్వాడు కూడా.

"ఊరుకో రత్నం. నా మనసు బాగుచెయ్యాలని అంటున్నావు. నాంచారి సంగతి అందరూ చెప్పారు, నాకు తెలీదా? కానీ వాణ్ణి నేను కాదు. ఒక మనిషి అలా చూసిన చూపు నా మీద పడి ఉంటే, ఈ ఒంట్లో ఎక్కడో ఒకచోట మిగిలుండదూ?"

రత్నం ఆ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నువ్వు ఆ బల్ల మీద కూర్చో. ఇంకోసారి చూసొస్తా," అన్నాడు. మెల్లగా చెయ్యి విడిపించుకుని, వాకిలి దాకా నడిచి, లైను చివర నిలబడ్డాడు. కాసేపటికి జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.